గ్యారేజీ గదిలో రేడియేటర్: ఒకతను 450 పౌండ్లు అంటున్నాడు, ఇంకొకతను 950. ఎందుకింత తేడా?

రెడింగ్ ఖమ్మపోడు:
అందరికీ నమస్తే. మాది 1930ల నాటి సెమీ (పక్కింటితో ఒక గోడ కలిసిన ఇల్లు), పోయినేడాది కొన్నాం. పాత ఓనర్లు గ్యారేజీని గదిగా మార్చారు గానీ అందులో రేడియేటర్ (వేడినీళ్లతో గదిని వెచ్చబెట్టే గోడ ప్యానెల్) పెట్టలేదు. నవంబర్‌లో అమ్మానాన్న వస్తున్నారు, అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు, కాబట్టి ఆ గదే ఇవ్వాలి. మార్చిలోనే ఆ గదిలో సాక్సులు లేకుండా అడుగుపెట్టలేకపోయాం, ఇక డిసెంబర్ సంగతి తల్చుకుంటేనే టెన్షన్. ఇద్దరు ప్లంబర్లు వచ్చి చూశారు. ఒకతను 450, ఇంకొకతను 950. కింద కాంక్రీట్ ఫ్లోర్. గది దాదాపు 5 మీటర్లు బై రెండున్నర. కాంబీ బాయిలర్ (రేడియేటర్లకీ కుళాయిలకీ నీళ్లు వేడిచేసేది) వంటింట్లో ఉంది, గదికి చాలా దూరం. రేడియేటర్ రేటు చూస్తే వంద చిల్లర, మరి మిగతాదంతా దేనికి?

లూటన్ బాబాయ్:
తమ్ముడూ, డబ్బంతా పైపు దారికే పోతుంది. చెక్క ఫ్లోర్ అయితే నాలుగు పలకలు ఎత్తి కింద నుంచి లాగేస్తారు, కాంక్రీట్‌లో ఆ వీలు లేదు. 950 అన్నతను బహుశా వంటింటి నుంచి సీలింగ్ మీదుగా పైపులు తెచ్చి, గోడ వెంట దించి, అవి కనపడకుండా పైన బాక్సింగ్ కొట్టాలని లెక్క వేసుంటాడు. ఇంతకీ ఆ గది గోడకి అవతల ఏముంది? హాల్లో రేడియేటర్ ఉంటే దాని పైపులకే టీ (మూడు దారుల జాయింట్) వేసి, గోడకి రెండు కన్నాలు పెట్టి, ఇవతల వైపు కొత్తది తగిలించొచ్చు. మాకు అలాగే చేశారు, సిస్టమ్‌లో నీళ్లు దింపడంతో కలిపి ఒక్క పూట పని. కానీ ముందు హాల్ పైపు ఎంత లావో చూడు. చల్లగా ఉన్నప్పుడు దారం చుట్టి కొలువు. నాలుగున్నర, అయిదు సెంటీమీటర్ల మధ్య వస్తే 15 ఎంఎం, పర్లేదు. మూడే వస్తే 10 ఎంఎం మైక్రోబోర్, అంటే సన్న పైపు, దాని మీద ఇంకోటి వేస్తే రెండూ గోరువెచ్చగానే ఉంటాయి.

చలిమంట:
పైపుల కంటే ముందు గోడలు చూడండి బ్రో. గ్యారేజీకి చాలాసార్లు ఒంటి ఇటుక గోడే ఉంటుంది. కన్వర్షన్‌కి కౌన్సిల్ కంప్లీషన్ సర్టిఫికెట్ (పని రూల్స్ ప్రకారం జరిగిందనే కాగితం) ఉందా? లేకపోతే ఇన్సులేషన్ వేశారో లేదో కూడా తెలీదు, అలాంటి గదిలో రేడియేటర్ పెడితే వీధికి వేడి పెట్టినట్టే. ఇంకోటి, సైజు దగ్గర పిసినారితనం వద్దు. డబ్బా మీద 2000 వాట్స్ అని రాస్తే అది రేడియేటర్‌కీ గదికీ 50 డిగ్రీల తేడా ఉన్నప్పటి లెక్క. గ్యాస్ మిగులుతుందని బాయిలర్‌ని 55 డిగ్రీలకి తగ్గించి నడిపితే అందులో దాదాపు సగమే వస్తుంది. మీ గదికి డబుల్ ప్యానెల్ (రెండు పలకలది), 600 ఎంఎం ఎత్తు, 1200 ఎంఎం పొడవు, అంతకంటే తక్కువ తీసుకోవద్దు.

గుంటూరు కారం:
ఆరు నెలల వీసా మీద వచ్చేవాళ్ల కోసం గోడలు తవ్వడమెందుకు, ఆయిల్ హీటర్ కొనేయ్, అరవై పౌండ్లలో అయిపోద్ది.

లూటన్ బాబాయ్:
కొనడం చవకే. కిలోవాటున్నర హీటర్ రాత్రంతా ఎనిమిది గంటలు ఆగకుండా తిరిగితే 12 యూనిట్లు, యూనిట్ పాతిక పెన్నీలు వేసుకున్నా రోజుకి 3 పౌండ్లు. థర్మోస్టాట్ మధ్యలో ఆపుతుంది కాబట్టి కొంచెం తగ్గుతుందనుకో. అదే వేడి గ్యాస్ మీద పౌండు లోపే. పైగా మన పెద్దవాళ్లు కరెంటు బిల్లు గుర్తొచ్చి, నువ్వు పడుకోగానే లేచి ఆపేసి, రెండు స్వెట్టర్లు వేసుకుని పడుకుంటారు. మా అమ్మ అదే చేసింది. హీటరే పెడితే మాత్రం ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కాకుండా గోడ సాకెట్‌కే పెట్టు.

విజ్జి, మిల్టన్ కీన్స్:
యూట్యూబ్ చూసి సొంతంగా చేద్దామని మాత్రం అనుకోకండి. మా ఆయన వాల్వ్ నట్టు విప్పారు, సిస్టమ్ ఖాళీ అయిందనే అనుకున్నారు పాపం. సిరా లాంటి నల్ల నీళ్లు క్రీమ్ కలర్ కార్పెట్ మీద! పాత టవళ్లన్నీ అయిపోయి చివరికి నా నైటీ కూడా పోయింది. ఆ మరక మీద ఇప్పుడు సోఫా ఉంది. రేడియేటర్ పెట్టడానికి గ్యాస్ సేఫ్ కార్డు (గ్యాస్ పని చేసేవాళ్ల రిజిస్ట్రేషన్) అక్కర్లేదు నిజమే, బాయిలర్ మూత తీసి గ్యాస్ జోలికెళ్తే మాత్రం ఉండాల్సిందే. అయినా పని తెలిసినవాళ్లనే పిలవండి.

రెడింగ్ ఖమ్మపోడు:
థ్యాంక్యూ అందరికీ. గోడకి అవతల హాల్ రేడియేటరే ఉంది, అసలు ఆ ఆలోచనే రాలేదు! దారం చుట్టి కొలిచా, 47 ఎంఎం. సర్టిఫికెట్ ఇల్లు కొన్నప్పటి కాగితాల్లో దొరికింది. 450 అతనికి ఫోన్ చేస్తే తన ప్లాన్ కూడా హాల్ నుంచేనట, కాకపోతే సింగిల్ ప్యానెల్ లెక్క వేశాడు. డబుల్, 1200 అయితే ఇంకో 70 అవుతుందన్నాడు.

లూటన్ బాబాయ్:
ఇచ్చెయ్. నీళ్లు మళ్లీ నింపేటప్పుడు ఇన్హిబిటర్ (లోపల తుప్పు పట్టకుండా ఆపే మందు) పోస్తాడా, అన్ని రేడియేటర్లూ సమానంగా వేడెక్కేలా బ్యాలెన్స్ చేస్తాడా అని ఇప్పుడే అడిగి మెసేజ్‌లో రాయించుకో. అతను వెళ్లేముందు బాయిలర్ ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు ఒకటి నుంచి ఒకటిన్నర బార్ మధ్య ఉందో లేదో చూడు. మొదటి వారం గాలి చేరి గుడగుడమంటుంది, ఆ గాలి వదలడానికి బ్లీడ్ కీ ఒకటి కొని దగ్గర పెట్టుకో, కింద పట్టడానికి పాత గుడ్డ కూడా.