ముసలి లాప్‌టాప్‌లో జిల్లా మ్యాప్: ఫైల్‌ని తేలిక చేయాలా, అలాగే ఉంచాలా?

ఏటిగట్టు: నాది 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్ ఉన్న లాప్‌టాప్. జిల్లా మొత్తం సర్వే నంబర్ల షేప్‌ఫైల్ (పొలాల హద్దులుండే మ్యాప్ ఫైల్) ఒకటిన్నర జీబీ ఉంది. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కాస్త పక్కకి జరిపితే చాలు, మళ్లీ మొదటి నుంచి గీసుకుంటూ కూర్చుంటుంది. కొత్త మెషిన్ అడిగితే బడ్జెట్ లేదంటున్నారు. ఏం చేయమంటారు?

మ్యాప్‌మామ: గీతల్లో బిందువులు తగ్గించే సింప్లిఫై టూల్ పెట్టి 5 మీటర్ల టాలరెన్స్ ఇవ్వండి, అంటే అంతకన్నా చిన్న వంపుల్ని తీసేస్తుంది. అక్కర్లేని కాలమ్స్ తీసేయండి, మండలాల వారీగా విడగొట్టండి. ఎగిరి గంతేస్తుంది.

రాత్రిడ్యూటీ: పాత హార్డ్‌డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి. అంతే.

గొలుసు_లింకు: ఏటిగట్టు గారూ, సింప్లిఫై మాత్రం వద్దు. వంద మీటర్ల గట్టుకి మధ్యలో నాలుగు మీటర్ల వంపు ఉందనుకోండి, 5 మీటర్ల టాలరెన్స్‌కి ఆ ఒక్క బిందువు ఎగిరిపోతుంది, 200 చదరపు మీటర్లు, అంటే దాదాపు 5 సెంట్లు పక్కవాడి వైపు పోతాయి. పైగా ఆ టూల్ ఒక్కో పొలాన్ని విడిగా చూస్తుంది కాబట్టి పక్కపక్క పొలాల మధ్య సందులు కూడా పడతాయి. ముందు లేయర్ (మ్యాప్‌లో ఒక పొర) ప్రాపర్టీస్‌లోకి వెళ్లి స్పేషియల్ ఇండెక్స్, అంటే ఏ పొలం ఎక్కడుందో చెప్పే సూచిక, చేయండి. షేప్‌ఫైల్ పక్కన క్యూఐఎక్స్ ఫైల్ ఒకటి వస్తుంది, అప్పుడు తెరమీద కనపడే ముక్కనే వెతుక్కుంటుంది.

మ్యాప్‌మామ: జిల్లా అంతా తెరమీద ఉంటే ఇండెక్స్ ఏం చేస్తుందండీ, అన్నీ గీయాల్సిందేగా? అయినా క్యూజీఐఎస్ గీసేటప్పుడు తనంతట తానే సింప్లిఫై చేస్తుంది. రెండరింగ్ ట్యాబ్‌లో ఆ టిక్ మొదటి నుంచీ ఉంటుంది. రోజూ మీరు చూసేది అదే.

గొలుసు_లింకు: అది తెరమీద బొమ్మకే, ఫైల్ జోలికి పోదు. మీరు చెప్పిన టూల్ కొత్త ఫైల్ రాసి ఇస్తుంది. రెంటినీ ఒకే గాటన కట్టకండి. జిల్లా అంతా చూసేటప్పుడు సర్వే నంబర్లు ఎవరికి కావాలి? 1:25,000 కన్నా దగ్గరికొస్తేనే కనపడేలా స్కేల్ పెట్టండి, లేబుల్స్, అంటే పొలాల మీద రాసి కనపడే నంబర్లు, ఇంకా దగ్గరికొచ్చాక. దూరం నుంచి మండలాల లేయర్ చాలు.

పిన్‌కోడ్: అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉన్న లేయర్‌కి మీటర్లనుకుని టాలరెన్స్ 1 కొట్టినాయన మా ఆఫీసులో ఉన్నాడు. ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. జిల్లా త్రిభుజమైంది 😀

మ్యాప్‌మామ: అయితే షేప్‌ఫైల్ బదులు జియోప్యాకేజ్ అనే ఇంకో ఫార్మాట్‌లోకి మార్చండి, ఇండెక్స్ దానితోనే వస్తుంది. షేప్‌ఫైల్లో కాలమ్ పేరుకి 10 బైట్లే, తెలుగులో రాస్తే మూడు అక్షరాలకే తెగిపోతుంది.

గొలుసు_లింకు: జియోప్యాకేజ్ మాట ఎత్తకండి. ఒక కుర్రాడు క్యూజీఐఎస్ మూయకుండానే ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకెళ్లాడు. పక్కన వాల్ అని ఇంకో ఫైల్ ఉంటుందని, కొత్త మార్పులు అందులోనే ఉండొచ్చని ఎవరూ చెప్పలేదు. రోజంతా చేసిన ఎడిటింగ్ గోవిందా.

మ్యాప్‌మామ: మూసి కాపీ చేసుకోవాలి. దానికి ఫార్మాట్‌ని తిడితే ఎలా? మీకు ప్రతిదానికీ అభ్యంతరమే. ఊళ్లు తిరిగే కుర్రాళ్లకి గట్టు కొలతలెందుకండీ, దారి తెలిస్తే చాలు!

గొలుసు_లింకు: దారికే ఇచ్చారు మా ఊళ్లోనూ. ఎవరో తేలిక చేసిన ఫైల్ నుంచి ప్రింటు తీసి ఒకాయన చేతిలో పెట్టారు. ఆయన దాన్ని లామినేషన్ చేయించి పంచాయితీలో పెట్టాడు. మా పెదనాన్నకీ ఆయనకీ ఇప్పటికీ మాటల్లేవు. కాగితం మీద ‘చూడటానికి మాత్రమే’ అని రాసి ఉందా? లేదు.

మ్యాప్‌మామ: అది ప్రింటు ఇచ్చినవాడి తప్పు, సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. అందరూ అసలు ఫైలే వాడాలంటే పాత మెషిన్ ఉన్నవాడు పని మానుకోవాలి. డేటా పెద్ద కంప్యూటర్ ఉన్నవాళ్ల దగ్గరే ఉండిపోతుంది, రైతు మళ్లీ వాళ్ల చుట్టూనే తిరగాలి. మీకు కావాల్సింది అదేనా?

గొలుసు_లింకు: అందరికీ ఇవ్వండి, ఎవరు వద్దన్నారు? అసలుదే ఇవ్వండి, మండలం ముక్కగా. కోస్తే గట్టు మారదు, సింప్లిఫై చేస్తే మారుతుంది. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే.

మ్యాప్‌మామ: మండలాల వారీగా విడగొట్టమని మొదటి మెసేజ్‌లోనే రాశాను, చూడండి.

గొలుసు_లింకు: సింప్లిఫై చేశాక!

పిన్‌కోడ్: పది మండలాల ముక్కల్లో పదిమంది ఎడిట్ చేస్తే మళ్లీ కలిపేదెవరు?

ఏటిగట్టు: ఇండెక్స్ చేశా, స్కేల్ పెట్టా. దగ్గరికెళ్తే బాగానే కదులుతోంది. లేబుల్స్ పెడితే మాత్రం ఇంకా నత్తనడకే. పిన్‌కోడ్ గారి ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పండి, రేపు నేనే కలపాలి.