ల్యాబ్‌లో ఫిల్టర్ పెట్టాం, అయినా పిల్లలు దాటేస్తున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న: నేను లెక్కల టీచర్ని, ల్యాబ్ కూడా నేనే చూసుకుంటున్నాను. 40 సిస్టమ్స్ ఉన్నాయి, రూటర్ ఒకటే, ఆఫీసు కూడా దాని మీదే నడుస్తుంది. రూటర్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరు అడిగితే దాని నెట్ అడ్రస్ చెప్పే సర్వీసు) 1.1.1.3కి మార్చి, అది చాలదేమోనని మేమే కొన్ని పదాలు రాసి బ్రౌజర్లలో బ్లాక్ చేశాం. నిన్న తొమ్మిదో తరగతి పిల్లాడి స్క్రీన్ మీద చూడకూడనివి కనిపించాయి. అదే రోజు సైన్స్ మేడమ్ వచ్చి రొమ్ము క్యాన్సర్ గురించి ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయికి ఒక్క పేజీ కూడా తెరుచుకోవట్లేదన్నారు. ఆ అమ్మాయి మౌస్ మీద చెయ్యి తీసేసి, తల దించుకుని కూర్చుందట. అది విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

జవాబు: సార్, ముందు ఆ పదాల జాబితా తీసేయండి, ఇవాళే. పదం చూసి ఆపితే చెడు కన్నా చదువే ఎక్కువ ఆగుతుంది, పైగా ఆ అమ్మాయికి తను తప్పు చేసినట్టు అనిపిస్తుంది.

ఇక దాటేయడం సంగతి. 1.1.1.3 క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లు 2020లో తెచ్చిన ఉచిత సర్వీసు, వైరస్ సైట్లతో పాటు పెద్దల సైట్లనూ ఆపుతుంది, మంచిదే. కానీ సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఎవరైనా గూగుల్ డీఎన్‌ఎస్ అయిన 8.8.8.8 అని కొడితే ఆ సిస్టమ్ ఇక మీ ఫిల్టర్‌ను అడగదు. అందుకే ఫైర్‌వాల్‌లో ల్యాబ్ సిస్టమ్స్ నుంచి బయటికి వెళ్లే 53, 853 పోర్టులు (డీఎన్‌ఎస్ ప్రశ్నలు వెళ్లే దారులు) మూసేసి, అవి రూటర్‌నే అడిగేలా చేయండి. ఐపీవీ6 (కొత్త రకం నెట్ అడ్రస్‌లు) ఆన్‌లో ఉంటే అక్కడా ఇదే చేయాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు.

అసలు చిక్కు బ్రౌజర్లలోని సెక్యూర్ డీఎన్‌ఎస్, అంటే బ్రౌజరే రూటర్‌ను అడగకుండా బయటి డీఎన్‌ఎస్‌ను గుప్తంగా అడగడం. అది మామూలు వెబ్ లాగే 443 పోర్టులో పోతుంది, ఆ పోర్టు మూస్తే నెట్టే ఉండదు. కాబట్టి పిల్లలకు అడ్మిన్ హక్కుల్లేని లాగిన్లు ఇచ్చి, బ్రౌజర్ పాలసీలో (అడ్మిన్ పెట్టే సెట్టింగ్స్‌లో) దాన్ని ఆఫ్ చేసి, వాళ్లు మార్చకుండా లాక్ చేయండి.

ఇంకొకటి, హెచ్‌టీటీపీఎస్ (సైటుకూ సిస్టమ్‌కూ మధ్య నడిచేదాన్ని గుప్తం చేసే పద్ధతి) వల్ల ఫిల్టర్‌కు సైటు పేరు తప్ప లోపలి పేజీ కనిపించదు. గూగుల్ బొమ్మల్లో వచ్చేవాటిని ఆపడం డీఎన్‌ఎస్ బ్లాక్ వల్ల కాదు. దానికి, చెడ్డవి వడకట్టి చూపించేందుకు వాళ్లే పెట్టిన పేర్లున్నాయి: రూటర్‌లో గూగుల్ పేరును ఫోర్స్‌సేఫ్‌సెర్చ్.గూగుల్.కామ్‌కి, యూట్యూబ్‌ను రెస్ట్రిక్ట్.యూట్యూబ్.కామ్‌కి మళ్లించండి. యూట్యూబ్‌లో కామెంట్లు కూడా పోతాయి, నా లెక్కలో అదే పెద్ద మేలు.

వీలైతే ఆఫీసును వేరే వీల్యాన్‌లో (అదే రూటర్ మీద విడిగా నడిచే నెట్‌వర్క్‌లో) పెట్టండి. మార్కులు, ఫీజులు ఉన్న సిస్టమ్ పిల్లల నెట్‌వర్క్‌లో ఉండకూడదు.

ఇంకో జవాబు: ఇంత కష్టం దేనికండీ, ప్రతి సిస్టమ్‌లో మన ఫిల్టర్ పెట్టెను నమ్మేలా చేసే సర్టిఫికెట్ వేసి, గుప్తంగా వెళ్లేదాన్ని మధ్యలో విప్పితే లోపలి పేజీలు కూడా చూడొచ్చు కదా?

మొదటి జవాబు ఇచ్చినవారు: చూడొచ్చండీ, కానీ దాంతో పిల్లల పాస్‌వర్డులు, మెయిళ్లు కూడా మన ఫిల్టర్ పెట్టెలో విప్పబడతాయి. ఆ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటుందో, లాగ్స్ (ఎవరేం చూశారన్న రికార్డులు) ఎన్నాళ్లు ఉంచుతారో రాతపూర్వకంగా తేల్చుకోకుండా, తల్లిదండ్రులకు చెప్పకుండా ఆ పని చేయకూడదు. కాపాడటం వేరు, తొంగిచూడటం వేరు.

ప్రశ్న అడిగినవారు: అన్నీ చేశాను. పిల్లాడిని తిట్టకుండా ఎలా చేశావో చూపించమంటే వాడే చూపించాడు, మీరన్న సెక్యూర్ డీఎన్‌ఎస్సే. ఇప్పుడు లాక్ అయింది. కానీ ఆగిన సైటు దగ్గర 'సైట్ తెరుచుకోలేదు' అని మాత్రమే వస్తోంది, పిల్లలు నెట్ పోయిందనుకుంటున్నారు.

జవాబు: డీఎన్‌ఎస్‌తో ఆపితే అంతే సార్. తలుపు దగ్గర ఒక డబ్బా, చిన్న కాగితాలు పెట్టండి. సైటు పేరు రాస్తే చాలు, పిల్లల పేరు వద్దు. రోజూ సాయంత్రం మీరూ సైన్స్ మేడమ్ కలిసి చూసి, తెరవదగ్గవి మర్నాడు పొద్దున క్లాసుకు ముందే తెరవండి.

ప్రశ్న అడిగినవారు: పెట్టాను సార్. మొదటి రోజు మూడు కాగితాలు వచ్చాయి, మూడూ చదువుకు పనికొచ్చే సైట్లే. మూడూ తెరిచాం.