నైలాన్–పీపీ బ్లెండ్: కలిపే వరుస మారితే బలం ఎందుకు మారుతోంది?

అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టు కోసం నైలాన్ 6, పాలీప్రొపిలీన్ (పీపీ) అనే రెండు ప్లాస్టిక్‌లను 70:30 పాళ్లలో కలుపుతున్నాను. ఈ రెండూ నూనె, నీళ్ల లాంటివి కదా, అందుకే కంపాటిబిలైజర్‌గా (రెండూ కలిసేలా చేసే పదార్థంగా) మాలిక్ అన్‌హైడ్రైడ్ గ్రాఫ్ట్ చేసిన (గొలుసుకు అతికించిన) పీపీని 5 శాతం వేస్తున్నాను. అది నైలాన్ గొలుసు చివరన ఉన్న అమీన్‌తో చర్య జరిపి రెండింటినీ ముడివేస్తుంది.

మొదట గింజలన్నీ ఒకే సంచిలో కలిపి ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్ (రెండు స్క్రూలతో కరిగించి కలిపే యంత్రం) హాపర్‌లో పోశాను. తర్వాత పీపీని, కంపాటిబిలైజర్‌ను ముందు ఒకసారి ఎక్స్‌ట్రూడ్ చేసి, ఆ గింజలను నైలాన్‌తో మళ్లీ ఎక్స్‌ట్రూడ్ చేశాను. రెండుసార్లూ 235 డిగ్రీలే, స్క్రూ వేగమూ ఒకటే. నైలాన్‌ను 80 డిగ్రీల వద్ద రాత్రంతా ఆరబెట్టాను, కాబట్టి తేమ మీద నాకు అనుమానం లేదు.

రెండో పద్ధతిలో ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కింద పీపీ బిందువులు చిన్నవిగా కనిపించాయి. కానీ ఐజాడ్ ఇంపాక్ట్ (దెబ్బను తట్టుకునే బలం) మాత్రం తగ్గింది! బిందువులు చిన్నవైతే ఇంపాక్ట్ పెరగాలి కదా? గైడ్ గారేమో "మళ్లీ చెయ్యి" అంటున్నారు, అంతే.

పీపీ రెండుసార్లు వేడెక్కి గొలుసులు తెగాయేమోనని నా అనుమానం. అన్నీ ఒకేసారి కలిపిన మొదటి పద్ధతిలోనూ పీపీని ముందే ఒకసారి ఒట్టిగా ఎక్స్‌ట్రూడ్ చేసి వాడితే పోలిక సరిపోతుందా? లేక కంపాటిబిలైజర్‌ను ముందు నైలాన్‌తో కలిపి, పీపీని సైడ్ ఫీడర్‌లో (యంత్రం మధ్యలో పక్కనుంచి వేసే దారిలో) వేయడం మేలా? చేసి చూసినవాళ్లు ఉంటే చెప్పండి, ప్లీజ్. వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.