బత్తాయి డబ్బు యూపీఐలో తీసుకుంటే నాన్న అకౌంట్ ఆపేశారు, ఏం చేయాలి?

మాది నల్గొండ పక్కన పల్లె. నాన్నకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. పోయిన నెల తోట దగ్గరికే వచ్చిన ఒకాయన రెండు టన్నుల కాయ తూకం వేయించుకుని, 38,000 రూపాయలు యూపీఐలో కొట్టాడు. పది రోజులకు నాన్న యూరియా బస్తాలు తేబోతే పేమెంట్ ఫెయిల్. బ్యాంకులో అడిగితే, అది ఎవరో సైబర్ మోసంలో పోగొట్టుకున్న డబ్బట, వేరే రాష్ట్రం పోలీసులు చెప్తే ఆపామన్నారు. ఆపింది ఆ 38,000 కాదు, అకౌంట్ మొత్తం! పాల డబ్బు కూడా అందులోనే పడుతుంది. మా దగ్గరున్నది తూకం చీటీ ఒక్కటే. దాని వెనకాల నాన్న పెన్సిల్‌తో రాసుకున్న ట్రాలీ ఆటో నంబర్ సగం చెరిగిపోయింది.

పోలీసు దర్యాప్తు, కోర్టు విచారణ ఎట్లా జరగాలో చెప్పే చట్టం, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 106 చదివాను. పోలీసులు సీజ్ చేయొచ్చు, కానీ ఆ సంగతి వెంటనే మెజిస్ట్రేట్‌కు తెలపాలని ఉంది. మాకైతే ఒక్క నోటీసూ రాలేదు. 1930 మోసపోయినవాళ్లు ఫోన్ చేసే నంబర్, మరి మాలాంటోళ్లు ఎవరికి చెయ్యాలి?

ఎవరికైనా ఇట్లా జరిగిందా? ఆ రాష్ట్రం దాకా పోవాల్సిందేనా, నల్గొండ కోర్టులో పిటిషన్ వేయొచ్చా? కనీసం ఆ 38,000 వరకే ఆపి మిగతాది వదలమని బ్యాంకుకు ఎట్లా రాయాలి? నాన్న టెన్షన్‌తో సరిగా తినట్లేదు.