గుడి, కొమ్ము, పొల్లు: గుణింతాల పేర్లకి అర్థం పిల్లలకి చెబుతున్నామా?

ఈ వారం మా రెండో తరగతిలో గుణింతాలు నడుస్తున్నాయి. "క కు దీర్ఘమిస్తే కా, క కు గుడిస్తే కి, గుడి దీర్ఘమిస్తే కీ, కొమ్మిస్తే కు..." అని పిల్లలు రాగం తీస్తుంటే మధ్యలో ఒక పాప లేచి, "టీచర్, 'కి' మీద దేవుడి గుడి ఏదీ?" అని అడిగింది. మిగతావాళ్లూ బోర్డు మీద వెతకడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్న నాకెంత నచ్చిందో చెప్పలేను. అందుకే ఇక్కడ చర్చకి పెడుతున్నాను.

ఈ గుడి దేవాలయం కాదు, వలయం. చంద్రుడి చుట్టూ వెలుగు వలయంలా కనిపిస్తే వరదగుడి కట్టిందంటాం కదా, ఆ గుడే ఇది. గుడి దూరంగా కడితే వాన దగ్గర్లో ఉన్నట్టని పల్లెల్లో పెద్దవాళ్లు అంటుంటారు. అక్షరం నెత్తిన తలకట్టు తీసేసి, ఆ చోట గుండ్రంగా తిప్పుతాం కాబట్టి గుడి అన్నారు.

తలకట్టు అంటే తలపాగానే. కొమ్ము అంటే పశువు కొమ్ము, ఆ వంపు చూస్తే పిల్లలే చెప్పేస్తారు. 'కృ'లో వచ్చేది వట్రసుడి. ఏట్లో నీరు సుడి తిరుగుతుంది, పిల్లల నెత్తిన సుడి ఉంటుంది, ఇదీ అలాంటి తిప్పుడే. ఈ మాట చెప్పగానే క్లాసులో అందరూ పక్కవాడి తలలో సుడి వెతికారు!

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైన పేరు పొల్లు. వడ్లు తూర్పారబడితే గాలికి ఎగిరిపోయే, లోపల గింజలేని పొట్టే పొల్లు. అచ్చు చేరని హల్లుకి ఆ పేరు పెట్టారు. క్, న్, ల్: పైకి అక్షరంలాగే కనిపిస్తాయి, లోపల గింజ మాత్రం ఉండదు. మన వ్యాకరణంలో అచ్చులని ప్రాణాలు, హల్లులని ప్రాణులు అనడం కూడా ఇందుకే. వడ్లు చెరగడం చూసిన పిల్లలకి ఈ ఒక్క మాట చాలు, పొల్లంటే ఏమిటో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అసలు గుణింతం అన్న మాటే గుణించడం నుంచి వచ్చింది. ఒక హల్లుని వరసగా అచ్చులతో గుణిస్తూ పోతే క నుంచి కః దాకా, 'కౄ'తో కలిపి, 16 రూపాలు వస్తాయి. లెక్కల పీరియడ్‌లో ఎక్కాలు, తెలుగు పీరియడ్‌లో గుణింతాలు రెండూ ఒకే వారంలో వచ్చాయి కాబట్టి ఈ సంగతి చెప్పడం నాకు తేలికైంది.

ఇక రాతలో పిల్లలు ఎక్కడ తడబడతారో చెప్తాను. 'వ'కి కొమ్ము మామూలుగా పక్కన పెట్టారంటే అది 'మ' అయి కూర్చుంటుంది. అందుకే 'వు' రాసేటప్పుడు కొమ్ము కిందనుంచి మొదలవుతుంది. పు, ఫు కూడా అంతే. సగం మంది పిల్లలు 'వురుగు' అని పలుకుతూ 'మరుగు' అని రాసేది ఇక్కడే. ఇంకోటి 'మొ'. 'కొ', 'తొ' లకి ఇచ్చే ఒత్వం 'మ'కి ఇవ్వం. 'మె' రాసి దానికి కొమ్ము పెడతాం. యొ, ఘొ, ఝొ లది కూడా ఇదే దారి. ఇది విడిగా చెప్పకపోతే 'మొక్క' రాయమన్నప్పుడల్లా పిల్లలకి టెన్షనే. జ, ట, ణ, బ, ల లాంటి వాటికి అసలు తలకట్టే ఉండదు. 'జ' నెత్తిన తలకట్టు ఎందుకు లేదని మర్నాడు ఇంకో పిల్లవాడు అడిగాడు. చూశారా, పేరు చెబితే ప్రశ్న దానంతట అదే వస్తుంది.

ఇప్పుడు చాలాచోట్ల బొమ్మ, దాని కింద పదం చూపించి నేరుగా చదివిస్తున్నారు. దానివల్ల చదవడం తొందరగా వస్తుంది, నేను కాదనను. కానీ గుర్తుల పేర్లు తెలియని పిల్లవాడికి తప్పెక్కడ జరిగిందో చెప్పడానికి మాట ఉండదు. "ఇక్కడ కొమ్ముకి దీర్ఘం మర్చిపోయావ్" అంటే వెంటనే దిద్దుకునే పిల్లవాడు, "ఇది తప్పు, మళ్లీ రాయి" అంటే బిక్కమొహం వేస్తాడు. రెండు పద్ధతులూ కలిపి నడిపించాలన్నది నా గట్టి అభిప్రాయం. రాగం పెట్టి పాడించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానకూడదు.

పెద్దవాళ్లకి గుర్తుండే ఇంకో పేరు వలపలగిలక. పాత అచ్చు పుస్తకాల్లో ధర్మం, సూర్యుడు లాంటి మాటల్లో 'ర్' ని అక్షరానికి కుడిపక్కన రాసేవారు, ఆ గుర్తు ఇది. వలపల అంటే కుడివైపు.

మీ ఊళ్లో గుణింతం ఏ వరసలో, ఏ మాటలతో పాడేవారో రాయండి. ముఖ్యంగా కె, కే, కై దగ్గర. మా దగ్గర ఎత్వం, ఏత్వం, ఐత్వం అనే అంటాం. ఈ మూడింటికీ గుడి, కొమ్ములాగా అచ్చ తెలుగు పేర్లు మీ వైపు ఎవరైనా వాడారా? ఉంటే సోమవారం క్లాసులో చెప్తాను.