పచ్చి కూరగాయల నూడుల్స్‌కు బల్ల మీది స్పైరలైజరా, చేతి మరా, ఉత్త పీలరు చాలా?

అలిపిరి వంటిల్లు

ఇంట్లో నలుగురం, ఇద్దరికి షుగరు. రాత్రి పూట చపాతీలు తగ్గించి కీరా, క్యారెట్, ముల్లంగి పచ్చిగానే నూడుల్స్ మాదిరి తీసి కలుపుకుందామని ఆలోచన. తిరుపతి అంగళ్ళలో కాయను తిప్పి తీగలుగా తీసే స్పైరలైజర్లు, పీలర్లు కలిపి నాలుగు రకాలు చూపిస్తున్నారు. చేత్తో పట్టుకుని పెన్సిలు చెక్కినట్టు తిప్పేది ఒకటి, మూడు నాలుగు వందలు. బల్ల మీద పెట్టి పిడి తిప్పేది వెయ్యి పైమాటే. కరెంటుది ఇంకా ఎక్కువ. పళ్ళున్న పీలరు మాత్రం అగ్గువ. కొన్నాక అటక ఎక్కకుండా రోజూ వాడేది ఏది? మా గట్టు పాతకాలం కడప బండ. ఎక్కువగా వాడేది కీరానే.

పాత్రల వీధి

నలుగురికంటే బల్ల మీదిదే. ఇందులో రెండో మాట లేదు. మనిషికి 200 గ్రాములు వేసుకున్నా 800 గ్రాముల కాయ. చేతి మరలో అంత తిప్పితే మణికట్టు పట్టేస్తుంది. పైగా కాయ పొట్టిదయ్యే కొద్దీ వేళ్ళు బ్లేడు మీదికి పోతాయి.

కొనేటప్పుడు డబ్బా మీద బొమ్మ చూసి మురిసిపోవద్దండీ, తెరిపించి చూడండి. కాయను గుచ్చి పట్టే చక్రానికి ముళ్ళు ఉంటాయి. అవి సెంటీమీటరు దాకా పొడవుండాలి. పొట్టివైతే బీట్‌రూట్ లాంటి గట్టి కాయ రెండు చుట్లు తిరిగి జారిపోతుంది. బ్లేడు పలక నడుమ చిన్న గుండ్రటి గొట్టం ఉంటుంది. కాయ నడిమి కడ్డీ దాంట్లోంచే అవతలికి వస్తుంది. అది స్టీలుదై అంచు పదునుగా ఉండాలి. ప్లాస్టిక్‌దైతే క్యారెట్ అక్కడే బిగుసుకుని, మీరు బలం పెట్టి తోసేకొద్దీ ముళ్ళ దగ్గర గుల్లయిపోతుంది.

ఆ తర్వాత పిడి తిప్పుతా, చక్రాన్ని మోసే బండిని ముందుకూ వెనక్కూ జరపండి. పక్కలకు ఊగిందా, వదిలేయండి. తీగ ఒకచోట లావు, ఒకచోట వెంట్రుక అవుతుంది.

బ్లేడు సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది. అడ్డంగా ఉండే బ్లేడు కాయను పలచగా చెక్కుతుంది, దాని ముందు నిలువుగా ఉండే పళ్ళ వరస ఆ పొరను తీగలుగా చీలుస్తుంది. పళ్ళ ఎడం 3 మిల్లీమీటర్లయితే సేమ్యా లావు, 6 అయితే లావు నూడుల్స్. పళ్ళు లేని బ్లేడు పెడితే రిబ్బను వస్తుంది. పచ్చిగా తినడానికి క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి సన్న బ్లేడుతోనే తీయాలి, లావుగా తీస్తే దవడలు నొస్తాయి. కీరా మాత్రం 6 మిల్లీమీటర్లదే. సన్నగా తీస్తే నీళ్ళు కారి పీచు మిగులుతుంది.

వంద రూపాయల పీలరు

రెండో మాట ఉందన్నా. ఆ నడిమి కడ్డీ లెక్క చెప్పకుండా దాటేసినారు. గొట్టం అడ్డం దాదాపు సెంటీమీటరు అనుకుందాం. మన మార్కెట్‌లో దొరికే క్యారెట్లు కొన్ని రెండున్నర సెంటీమీటర్లు కూడా లావుండవు. రెండున్నర లావు క్యారెట్‌లో ఒక సెంటీమీటరు కడ్డీ పోతే కాయలో ఆరో వంతు పోయినట్టే. చివర చక్రానికి అంటుకుని మిగిలే బిళ్ళ దీనికి అదనం.

పళ్ళున్న పీలరుతో అయితే క్యారెట్‌ను పలక మీద పడుకోబెట్టి, తొడిమ వైపు పట్టుకుని, కొస దాకా ఒకే లాగుడు లాగండి. నాలుగైదు లాగుళ్ళకొకసారి కాయను పావు చుట్టు తిప్పాలి. తిప్పకపోతే ఒక వైపు అరిగి కాయ బల్లపరుపై తీగలు పొట్టివవుతాయి. కడిగేది ఒక్కటే వస్తువు. బల్ల మీదిదైతే బ్లేడు పలక, బండి, చక్రం, పిడి, పళ్ళ సందుల్లో ఇరుక్కున్న పీచు తీయడానికి పాత టూత్ బ్రష్షు. అన్నం తినేదానికంటే గిన్నెలు తోమేదే ఎక్కువ.

పాత్రల వీధి

ఆరో వంతు లెక్క సన్న క్యారెట్‌కు నిజమే, ఒప్పుకుంటా. ఐదు సెంటీమీటర్ల కీరాకు అదే లెక్క వేయండి, ఇరవై ఐదో వంతే పోయేది. కీరాలో ఆ నడిమి భాగమే గింజలు, నీళ్ళు. అది పోతే పోయిందని సంతోషపడాలి! అడిగినాయన కీరా ఎక్కువ వాడతామని రాసినారు కదా. మిగిలిన కడ్డీలు మజ్జిగ పులుసులోకో పప్పులోకో పోతాయి, ఎవరు పారేస్తారు?

ఇంకోటి. పీలరుతో వచ్చేది తురుముకు అన్న. జానెడు పొడవుంటుంది, అంతే. చుట్టలు చుట్టలుగా గంటెకు వేలాడే నూడుల్స్ కావాలంటే తిప్పాల్సిందే.

కుప్పం రాయి

ఇద్దరూ కాయ గురించి కొట్టుకుంటున్నారు, కింద బండ గురించి ఒక్కరూ అడగలేదు. బల్ల మీది స్పైరలైజర్లకు కింద నాలుగు రబ్బరు కప్పులుంటాయి, గాలి పోయి నేలను పట్టుకునే రకం. నున్నగా పాలిష్ చేసిన గ్రానైటు మీద, అద్దం మీద, స్టీలు మీద బ్రహ్మాండంగా పట్టుకుంటాయి. పాత కడప బండ నీటుగా కనపడినా చెయ్యి వేసి చూడండి, పొరలు పొరలుగా గరుకు తెలుస్తుంది. ఆ సందుల్లోంచి గాలి దూరి రెండు నిమిషాలకు ఒక కాలు లేస్తుంది. ఒకటి లేస్తే మిగతావీ లేస్తాయి. అప్పుడు ఎడమ చేత్తో మిషను పట్టుకోవాలి, కుడి చేత్తో తిప్పాలి, మరి ముందుకు తోసేది ఎవరు? సగం మిషన్లు అటక ఎక్కేది ఇందుకే, బ్లేడు బాగలేక కాదు.

అలిపిరి వంటిల్లు గారూ, బల్ల మీదిదే కొనేటట్టయితే గట్టు మీద ఒక గ్రానైటు పలక వేసుకోండి. రాళ్ళ డిపోల్లో కోత ముక్కలు దొరుకుతాయి, అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు చాలు. అడుగున తడి గుడ్డ పరిస్తే పలక జరగదు. పైన నూనె జిడ్డు లేకుండా తుడిచి, కప్పుల అంచులకు తడి వేలు రాసి, నాలుగు మూలలా ఒక్కొక్కటే నొక్కాలి. నీళ్ళు ఎక్కువైతే అదీ జారుతుంది.

మంగళంలో ఉంటాను

కరెంటుది ఎవరూ మాట్లాడలేదు?

కుప్పం రాయి

మాట్లాడేంత లేదు కాబట్టి. చేతి బలం లేని పెద్దవాళ్ళకు పనికొస్తుంది. చాలా మటుకు కాయను పొట్టి ముక్కలుగా కోసి నిలువుగా దించాలి, కాబట్టి తీగ పొడవూ తగ్గుతుంది, మిగిలే బిళ్ళల సంఖ్యా పెరుగుతుంది. మోటారు ఉన్న భాగాన్ని నీళ్ళల్లో పెట్టకూడదు. నలుగురికి అవసరం లేదు.

బైరాగిపట్టెడ

నా దగ్గర బల్ల మీదిదే ఉంది. నూడుల్స్ రాకుండా అర్ధచంద్రాల్లాంటి ముక్కలు పడతా ఉన్నాయి. బ్లేడు మొద్దుబారిందా?

ఒత్తు శావిగ

బ్లేడు కాకపోవచ్చక్కా. ముందు కాయ మధ్యకు ఉందో లేదో చూడండి. కాయ కేంద్రం గొట్టానికి ఎదురుగా లేకపోతే ప్రతి చుట్టులో ఒక వైపు బ్లేడుకు తగులుతుంది, ఇంకో వైపు తగలదు. తీగ తెగి అర్ధచంద్రం పడుతుంది. వంకర కాయ అయినా ఇదే కథ.

కాయను 10 నుంచి 12 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. వంపు ఎక్కడుందో అక్కడే కోస్తే రెండు ముక్కలూ నిటారుగా వస్తాయి. రెండు కొసలూ చాకుతో నిట్టనిలువుగా, బల్లపరుపుగా కోయాలి. ఏటవాలుగా కోస్తే ముళ్ళు ఒక వైపే దిగుతాయి. ముందు గొట్టం వైపు కాయ నడిమధ్య ఆనించి, ఆ తర్వాతే ముళ్ళ చక్రాన్ని తెచ్చి గుచ్చండి. చాలామంది ముళ్ళకు ముందు గుచ్చి తర్వాత గొట్టానికి ఆనిస్తారు, అందుకే పక్కకు పోతుంది.

తిప్పేటప్పుడు తోసే బలం తక్కువ, తిప్పే వేగం ఒకే తీరు. గట్టిగా తోస్తే ముళ్ళు కాయను తవ్వేస్తాయి, చక్రం తిరుగుతా ఉంటుంది, కాయ నిలబడిపోతుంది. అట్లా గుల్లయితే అర సెంటీమీటరు కోసేసి, చక్రాన్ని కొంచెం తిప్పి కొత్త చోట గుచ్చండి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా అంచులు చిరుగులుగా వస్తుంటే అప్పుడు బ్లేడును అనుమానించాలి. కాయ వాడిపోయినా చిరుగుతుంది, అది మర్చిపోవద్దు. వాడిన క్యారెట్‌ను చల్లటి నీళ్ళల్లో అరగంట వేస్తే బిగుసుకుంటుంది.

పసుపు పచ్చటి పప్పు దోసకాయ లోపల గుల్ల, గింజలు. అది ఎక్కించి మిషన్ను తిట్టొద్దు. ఏ కాయైనా నాలుగు సెంటీమీటర్లు లావు, నిటారు, లోపల గట్టి ఉంటేనే ఎక్కించండి. నూల్‌కోల్ దొరికితే వదలొద్దు, దానంత చక్కగా తిరిగేది ఇంకోటి లేదు.

సోమల రైతు

సొరకాయ ఎవరూ అనలేదే? లేత సొరకాయ నిటారు, లావు, మన పక్క చవక. గింజ ముదరనిది తీసుకుంటే పచ్చి నూడుల్స్ బాగా వస్తాయి.

ఒత్తు శావిగ

రుచి చూసి చేదు లేనిది ఉడికించేటట్టయితే సరే, పచ్చిగా నేను చెప్పను. సొరకాయ ఒక్కోసారి చేదు తిరుగుతుంది. ఆ చేదు కుకుర్బిటాసిన్లనే విష పదార్థాలది. వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోవడం దాకా పోతుంది. చేదు సొరకాయ రసం తాగవద్దని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ కూడా చెప్పింది. పచ్చిగా గిన్నెడు తినే వంటకానికి ఆ కాయ ఎందుకు?

సోమల రైతు

చేదు ఏ కాయలో లేదు? కీరాలో లేదా? తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి చూసేది మన పెద్దవాళ్ళ కాలం నుంచీ ఉన్నదే. చేదుంటే ఊసి, కాయ మొత్తం పారేయాలి, అంతే. దానికి సొరకాయనే వెలేస్తే ఎట్లా?

ఒత్తు శావిగ

ఒక కాయ కాదన్నా, కోసిన ప్రతి కాయా రుచి చూడాలి. నిమ్మరసం, ఊరిబిండి (రోటి పచ్చడి) కలిపినాక చేదు తెలియదు. ఉడికించినా ఆ చేదు పదార్థం పోదు. ఆ ఓపిక ఉన్నవాళ్ళు తినండి, నేను ఆపను. కంద మాత్రం ఎవరూ పచ్చిగా ప్రయత్నించొద్దు, గొంతు దురద పెడుతుంది. గెనుసుగడ్డ తీగలు తీసి మరిగే నీళ్ళల్లో ఒక నిమిషం ముంచి తీస్తే తినబుద్ధవుతుంది, పచ్చిగా పిండి పిండిగా ఉంటుంది.

అలిపిరి వంటిల్లు

నీళ్ళు కారే సంగతి ఎవరైనా చెప్పండి. కీరా కలిపి పది నిమిషాలు పెడితే గిన్నె అడుగున చారు అవుతుంది.

వంద రూపాయల పీలరు

ఉప్పు ముందు వేయండి, పులుపు చివర వేయండి. 800 గ్రాముల కీరా తీగలకు ఒక టీ స్పూను ఉప్పు పట్టించి, చిల్లుల గిన్నెలో పదిహేను నిమిషాలు వదలండి. తర్వాత పలచటి గుడ్డలో వేసి పిండండి. మెలి పెట్టొద్దు, అరచేతుల మధ్య నొక్కితే చాలు. కారిన నీళ్ళు మజ్జిగలో పోసుకోవచ్చు, ఉప్పు మాత్రం మళ్ళీ వేయొద్దు. క్యారెట్, బీట్‌రూట్‌కు ఈ పని అవసరం లేదు. ముల్లంగి ఘాటుగా ఉంటే తీగలను చల్లటి నీళ్ళల్లో ఐదు నిమిషాలు ముంచి ఆరబెట్టండి.

కలపడానికి శెనక్కాయల ఊరిబిండి కంటే మంచిది లేదు. నలుగురికి నాలుగు పెద్ద చెంచాల బిండి, రెండు మూడు చెంచాల నీళ్ళు, అర నిమ్మచెక్క. ఈ బిండిలో ఉప్పు సగం తగ్గించి రుబ్బండి, కీరాలో ఇప్పటికే ఉంది. పళ్ళెంలో పెట్టే ముందు మాత్రమే కలపాలి. బీట్‌రూట్‌ను విడిగా ఉంచి పైన వేయండి, ముందే కలిపితే అంతా ఎర్రబడుతుంది. శెనక్కాయల్లో నూనె ఉంది కాబట్టి క్యారెట్‌లోని కెరోటిన్ ఒంటికి పట్టడానికీ మేలు.

షుగరు వాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. కీరాలో నూటికి 95 పాళ్ళు నీళ్ళే. 200 గ్రాములు తిన్నా 30 కేలరీలు వస్తాయి. కడుపు నిండినట్టుండి గంటకే ఆకలేస్తుంది. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు చపాతీ పూర్తిగా మానేయాలనుకుంటే ముందు డాక్టరును అడగాలి, చక్కెర మరీ పడిపోవచ్చు. ఉడికించిన పెసలో రెండు గుడ్లో పక్కన ఉండాలి.

పాత్రల వీధి

క్యారెట్, బీట్‌రూట్ తీగలు పొడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో మూడు రోజులు ఆగుతాయి. కీరా ఏ పూటకా పూటే. బ్లేడుకు క్యారెట్ మరక పడితే కొంచెం నూనె రాసి తుడిచి తర్వాత సబ్బుతో కడగండి. ఉప్పు నీళ్ళ బోరు ఉన్న ఇళ్ళల్లో తడిగా వదిలేయొద్దు, తెల్లటి పొర కడుతుంది.

అలిపిరి వంటిల్లు

సరే, కీరాకు బల్ల మీదిది, కింద గ్రానైటు ముక్క. సన్న క్యారెట్‌కు పీలరు కూడా తెచ్చుకుంటా. చేతి మరను ఎవరూ వెనకేసుకు రాలేదే?

మంగళంలో ఉంటాను

ఒక్కరుండే గదిలో, ఒక్క కీరాకు అదే మేలు. చివరి నాలుగు సెంటీమీటర్లు చేత్తో తోయొద్దు. దాంతో వచ్చే ముళ్ళ మూత గుచ్చి తిప్పండి, మూత లేకపోతే ఫోర్కు గుచ్చండి. బీట్‌రూట్ దాని మూతిలోకి పట్టదు, నిలువుగా నాలుగు ముక్కలు చేసి దూర్చితే వచ్చేది తురుమే.

సోమల రైతు

ఎండాకాలం బెంగళూరు మామిడి పచ్చికాయను బల్ల మీది దాంట్లో ఎక్కించొచ్చా? తీగలు తీసి ఉప్పు కారం వేసుకుంటే భలే ఉంటాది.

వంద రూపాయల పీలరు

నడుమ టెంక ఉంది కదన్నా, గొట్టం దాన్ని ఎట్లా దూస్తుంది? బ్లేడు పళ్ళు పోతాయి. తొక్క తీసి, కాయను నిలువుగా పట్టుకుని, పళ్ళ పీలరుతో టెంక తగిలే దాకా చుట్టూ లాగండి. లేత కాయ అయితే టెంక గట్టిపడి ఉండదు, అయినా మిషన్లో పెట్టొద్దు.