అప్‌డేట్: 648 మి.మీ. గిటార్ తీగకు ఫ్రెట్ల లెక్క కుదిరింది

పోయినసారి అడిగింది ఇదీ: గిటార్ తీగ పొడవు 648 మి.మీ. ఉంటే, మిగిలిన పొడవును ప్రతిసారీ 18తో భాగిస్తూ ఫ్రెట్లకు (మెడ మీద అడ్డంగా బిగించే లోహపు పట్టీలకు) గీతలు గీసుకుంటూ పోతే పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగంలో ఎందుకు పడదు? జవాబిచ్చిన అందరికీ థాంక్సండీ.

18 పాతకాలపు ఉజ్జాయింపు. దాంతో పన్నెండోది 321.6 దగ్గరే ఆగిపోతుంది, పడాల్సింది 324లో. చెవికి ఇట్టే దొరికిపోయే తేడా. అసలు సంఖ్య 17.817. 648ని దాంతో భాగిస్తే 36.37, అది మొదటి ఫ్రెట్. మిగిలిన 611.63ని మళ్లీ భాగిస్తే 34.33, అంటే రెండోది నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి 70.70. అయిదోది 162.55, ఏడోది 215.51.

గీసేటప్పుడు ప్రతి గీతా నట్ నుంచే కొలవాలి. ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కి కొలిస్తే చిన్న చిన్న తేడాలన్నీ పోగుపడతాయి. ఇరవయ్యోది 443.9లోనే వస్తుంది కాబట్టి 60 సెం.మీ. స్టీలు స్కేలు చాలు. టైలరు టేపు వద్దే వద్దు, సాగుతుంది.

మన వైజాగ్ తేమకి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది గానీ నిలువునా దాదాపు పెరగదు. ఫ్రెట్ల దూరం మారదు, మెడ వంపే మారుతుంది. దాన్ని సరిచేయడానికి మెడ లోపల ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ ఉంది.

శాడిల్ (నట్‌కి అవతలి చివర తీగలు ఆనే పట్టీ) మాత్రం కచ్చితంగా 648లో పెట్టకండి. నొక్కితే తీగ బిగిసి శ్రుతి పెరుగుతుంది. స్టీలు తీగలకైతే సన్న తీగ దగ్గర సుమారు 2 మి.మీ., లావు తీగ దగ్గర 4 మి.మీ. దాకా నట్‌కి దూరంగా, వెనక్కి జరపాలి.